చెప్పని ఐదు సూదులు

"ఫైలు చూపియ్యి పెద్దమ్మా," అని నాగలత అడగడం అది మూడోసారి.

వరమ్మ తలెత్తలేదు. చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. రేపు ఆదివారం ఆమె వాకిట్లో కృతజ్ఞత కూడిక. రొమ్ము క్యాన్సరు నుంచి బయటపడి ఏడాది నిండినందుకు చర్చి సంఘమంతటికీ పలావు పెట్టాలని మొగుడు ఏసురాజు పట్టుబట్టాడు. అరబస్తా బియ్యంలో రాళ్ళు ఏరడం పొద్దున్నుంచీ తెమలలేదు.

"ఎండన పడి వచ్చినావు. ముందు కూచో. నిస్సీ, అక్కకు ఉగ్గాని పెట్టుమా."

"నేను ఉగ్గాని తినేకి రాలేదు."

"మరి దేనికొచ్చినావు?"

"చెప్తాండా కదా. నీ ఆసుపత్రి ఫైలు చూడల్ల."

"ఆ పాత కాగితాలు ఇంగా యాడుంటాయి? ఎలుకలు తినింటాయి. అవీ నా మాదిరే గుండు చేయించుకొనింటాయి," అని వరమ్మ నవ్వింది.

వరమ్మ నవ్విందంటే పక్కింటివాళ్ళు కూడా నవ్వాల్సిందే. కర్నూలు ఆసుపత్రి వార్డులో నున్నటి తల మీద చేయి వేసుకుని, "ఇంగ దువ్వెనకు, నూనెకు దుడ్లు మిగిలె" అని పక్క మంచాలన్నిటినీ నవ్వించిన మనిషి. ఈసారి మాత్రం నాగలత నవ్వలేదు. గడపలో బొరుగుల ఉగ్గాని పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కూతురు నిస్సీ కూడా నవ్వలేదు.

నాగలత గిడ్డమ్మ కూతురు. వాళ్ళది రెండు మైళ్ళ అవతలి ఊరు. ఆరునెలల కింద గిడ్డమ్మకు రొమ్ములో గడ్డ బయటపడి, ఆపరేషన్ అంటే బావిలో పడి చస్తానని కూచుంటే, "నన్ను చూడు, నేను సచ్చినానా?" అని మందలించి కర్నూలుకు తోడుపోయింది వరమ్మే. అప్పటినుంచి గిడ్డమ్మకు ఆమె వరమ్మక్క, నాగలతకు పెద్దమ్మ. వాళ్ళు ఆంజనేయస్వామికి మొక్కేవాళ్ళు, వీళ్ళు ప్రభువును కొలిచేవాళ్ళు. ఆ రోగం దగ్గర అదేమీ అడ్డం రాలేదు.

"మాయమ్మకు చంకలో మళ్ళా గడ్డ తేలింది," అంది నాగలత.

చాట ఆగింది.

"ఎప్పుడు?"

"మూడు రోజులాయ. నిన్న నేనొక్కదాన్నే ఆసుపత్రికి పోయి డాక్టరమ్మను బతిమలాడుకున్యా. సోమవారం పిల్చుకొని రా, మళ్ళా కీమో సూదులు మొదలు పెడతాం అనె. ఇంగ ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండదు అనె."

"మరి పిల్చుకొని పో. ఈడ నాతో ఏం మాట్లాడతాండావు?"

"వస్తేనే కదా! వరమ్మక్క మూడు సూదులకే ఆపింది, మిగిలింది దేవుడే చూసుకున్యాడు, నేనూ మూడుకే ఆపుతా అంటాది. పొద్దున లేస్తే మందిరంలో నువ్వు చెప్పిన సాక్ష్యం వీడియోనే చూస్తాది. నువ్వు చెప్పే మాటలు మా ఇంట్లో కోళ్ళకు కూడా వచ్చేసినాయి." నాగలత కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ అందుకుంది. "నిన్న వార్డులో సిస్టరు కాడ ఈ సంగతి చెప్పి ఏడిస్తి. ఆ యమ్మ ఏమనిందో తెలుసునా? 'వరమ్మా? మమ్మల్నందర్నీ నవ్విచ్చే వరమ్మా? మూడుకు ఆపేదేంది, పోయినేడు మార్చి నెల దాకా ఈడికి వచ్చింది కదమ్మా' అనె."

నిస్సీ చేతిలో పళ్ళెం కదిలింది.

"వేరే వరమ్మను అనుకొనింటాది లే. మన పక్క వరమ్మలు తక్కువనా?"

"అందుకే ఫైలు చూపియ్యమంటాండా."

"యాడ పెట్టినానో ఏమో. వెతికి పంపిస్తా."

నాగలత లేచి నిలబడింది. పాతికేళ్ళు కూడా లేని పిల్ల, ఆ పూట ఆమె ముఖంలో ముసలితనం కనిపించింది.

"రేపు మాయమ్మ నీ కూడికకు వస్తాది పెద్దమ్మా. ఒట్టిగ రాదు. నీ మైకు ముందర నిలబడి, ఇంగ ఒక్క సూది కూడా వేయించుకోనని నీ దేవునికి మొక్కుకుంటాదంట. మొక్కిందంటే మాయమ్మ తప్పే మనిషి కాదు. అది నాకంటే నీకే బాగా తెలుసు."

ఉగ్గాని ముట్టకుండానే వాకిలి దాటి పోయింది.

వరమ్మ అబద్ధాలకోరు కాదు. ఇప్పుడు ఈ మాట చెబితే నవ్వుతారని తెలుసు, అయినా చెప్పాలి. ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలూ వల్లె వేయించిన మనిషి. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదోది తప్పు చదివితే చెవి మెలిపెట్టేది. అలాంటి మనిషి ఒక్క అబద్ధం ఆడింది. దాన్ని కూడా ప్రేమకొద్దీ ఆడింది. ప్రేమకొద్దీ ఆడిన అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ, అదే దాంతో వచ్చిన చిక్కు.

పోయిన ఏడాది ఆపరేషన్ అయి, ఎనిమిది సూదుల్లో మూడు పడ్డాక, ఏసురాజు గుంటూరు పక్కకు సుగ్గికి వలసపోయాడు. సెంటు పొలం లేనివాళ్ళకు ఆ నాలుగు నెలల మిరపకోతలే ఏడాది తిండి. పోతూ పోతూ, "నేను శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంటా. నీకేం కాదు," అన్నాడు. అన్నట్టే ఉన్నాడు. మిరప ఘాటులో, ఎండలో, తోటి కూలీలు ఎగతాళి చేస్తున్నా గుక్కెడు నీళ్ళు ముట్టకుండా పద్నాలుగు శుక్రవారాలు.

ఏప్రిల్‌లో లారీ దిగి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. భుజం మీది మూట దించకుండానే, "మిగిలిన సూదులన్నీ వేసిరా?" అని అడిగాడు.

వేశారు. ఐదూ వేశారు. నిస్సీ తోడుపోయింది. సగం వీధి సుగ్గికి పోయి ఊరు బోసిపోయిన రోజులవి, అడిగిన ఒకరిద్దరితో "చూపించుకొని వస్తాం" అని చెప్పి బస్సెక్కేవాళ్ళు. ఆ ఐదు సూదులు పడ్డాకే రోగం సర్దుకుంది. కానీ ఎండిపోయిన ఆ ముఖం చూశాక వరమ్మకు ఆ మాట నోటికి రాలేదు.

"ల్యాదు. మూడుకే నయమైపోయె. నీ ఉపవాసమే పని చేసింది," అంది.

ఏసురాజు అక్కడే మోకాళ్ళ మీద కూలబడి చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ ఆదివారమే మందిరంలో లేచి ఆ సంగతి చెప్పాడు. "నీ నోటితో చెప్పమ్మా" అన్నారు అందరూ. వరమ్మ లేచింది. మొదటిసారి, డాక్టర్లే ఇక అక్కర్లేదన్నారని చెప్పింది. రెండోసారి, డాక్టర్లు నోళ్ళు వెళ్ళబెట్టారని చెప్పింది. కోసిగి మందిరంలో చెప్పేనాటికి, తానే వద్దన్నాననీ, ప్రభువు చాలన్నాననీ చెప్పింది. సాక్ష్యంలో బాధ తక్కువగా, మహిమ ఎక్కువగా చెప్పడం వాడుక. వాంతులూ నోటిపుండ్లూ ఏకరువు పెడితే సణిగినట్టుంటుంది. "సూది నాకు చీమ కుట్టినట్టే" అనేది. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. సంఘంలోని వసంతకుమార్ అనే పడుచువాడు దాన్ని ఫోనులో తీసి నాలుగు గ్రూపుల్లో పెట్టాడు.

అది గిడ్డమ్మ ఫోనులోకి కూడా చేరింది.

"ఫైలు జొన్నల డ్రమ్ములో ఉండాది," అంది నిస్సీ.

"నాకు తెలుసు."

"తెలిసి ఎలుకలు తినింటాయంటివే."

వరమ్మ మళ్ళీ చాట అందుకుంది. ఏరిన బియ్యంలోనే మళ్ళీ రాళ్ళు వెతకసాగింది.

"గిడ్డమ్మ చిన్నమ్మ సూదులు ఆపేసిందని నీకు ఎప్పుడు తెలిసెమా?"

వరమ్మ ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"ఎప్పుడు తెలిసె?"

"మూడు వారాలాయ. ఫోను చేసింది. 'అక్కా, నీ మాదిరే నేనూ ధైర్యం చేసినా' అనె."

"నువ్వేమన్యావు?"

"డాక్టరమ్మను ఒక మాట అడుగు అన్యా."

"ఇంగ?"

"అంతే."

నిస్సీ పళ్ళెం కింద పెట్టింది. నర్సింగు చదువుతున్న పిల్ల. కోపం వస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది.

"మూడు వారాలు. ఈ మూడు వారాల్లో నువ్వు ఇంగో రెండు ఊర్లలో సాక్ష్యం చెప్పి వచ్చినావు."

"పిలిచిరి. రానంటే ఏమనుకుంటారు?"

"నాలుగో సూదికి నరం దొరక్క ఆరుసార్లు గుచ్చిరి, జ్ఞాపకముండాదా? ఐదోదానికి బస్సులో నా ఒళ్ళోనే కక్కినావు. ఆరోదానికి ఎమ్మిగనూరు బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోతే నిన్ను ఎత్తుకున్యా. నేను, నిన్ను! ఆ ఏడు నా పరీక్షలు పోయె. నేను ఒక్క మాటన్నా అన్యానా?"

"అనలేదుమా."

"నీ సాక్ష్యంలో ఆ ఐదూ ల్యావు. ఆ ఐదూ ల్యాకుంటే నేనూ ల్యాను. ముందు బెంచీలో కూచోని వింటా ఉంటా నేను. మాయమ్మ ఎవరి కత చెప్తాండాది అనిపిస్తాది."

వరమ్మ ఇన్ని మందిరాల్లో ఇంతమంది పేర్లు తలుచుకుంది. కన్నబిడ్డ పేరు ఒక్కచోట కూడా పలకలేదు. పలికితే లెక్క తప్పుతుంది కాబట్టి.

"మీ నాయనకు చెప్తే ఏమైపోతాడో చూసినావా నువ్వు?"

"చెప్పకుంటే గిడ్డమ్మ చిన్నమ్మ ఏమైపోతాదో నువ్వు చూసినావా?"

వాకిట్లో ట్రాక్టరు చప్పుడైంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

పొద్దు వాలుతుండగా ఏసురాజు వచ్చాడు. ట్రాక్టరు తొట్టిలో ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా గుడ్డలు, కట్టెలు. తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, పెళ్ళికొడుకు తండ్రిలా హడావుడి పడుతూ లోపలికి వచ్చాడు.

"నూట యాభై కుర్చీలు! చాలవేమో అని పాస్టరు జ్ఞానరాజు అయ్యగారు అంటాండారు. చాలకుంటే కింద కూచుంటారు, ఏం పోయె? ఏమ్మే, ఇద్దరూ మొగాలు అట్ల పెట్టుకున్యారు?"

"అలిసిపోయినాం," అంది వరమ్మ.

"నాగలత దావలో ఎదురాయ. పలకరిస్తే పలకకుండా పోయె. ఏమన్నా అంటిరా?"

నిస్సీ తల్లి వైపే చూస్తోంది.

"గిడ్డమ్మకు చంకలో మళ్ళా గడ్డ కనపడిందంట," అంది వరమ్మ.

ఏసురాజు అరుగు మీద కూలబడ్డాడు. ఎదుటివాళ్ళ కష్టం వింటే అతనికి నిజంగానే కాళ్ళల్లో బలం పోతుంది.

"పాపం. రేపు కూడికలో ఆమె కోసం ప్రార్థన పెట్టమని అయ్యగారికి చెప్తా. ఈ శుక్రవారం నుంచి నేను మళ్ళా ఉపవాసం ఉంటా. నీకు చేసినోడు ఆమెకు చెయ్యడా?"

"నాయనా," అంది నిస్సీ.

"ఏందిమా?"

"సూదులు వేయించుకుంటే నయమైతాది కదా చిన్నమ్మకు."

"వేయించుకోనీ. నేనొద్దంటానా? మందు కూడా దేవుడిచ్చిందే అని అయ్యగారు ఎన్నిసార్లు చెప్పలేదు? అయితే ఆమె మీయమ్మను చూసి ధైర్యం తెచ్చుకున్నింది. ఆ ధైర్యం మనమెట్ల తీసేస్తాము?" అని భార్య వైపు తిరిగాడు. "ఏమ్మే, నీకు ఒక మాట చెప్పల్ల అనుకుంటా ఉంటి. నవ్వొద్దు."

"నవ్వను."

"ముప్పై ఏండ్లాయ, ఒకరి చేన్లో కోసిందే గానీ నాదని ఒక గింజ పండిచ్చింది ల్యా. సదువు ల్యా. నీకు రోగం వస్తే ఏ కాగితం ఏందో నాకు తెలీదు, డాక్టరు చెప్పేది తెలీదు. గోడకు ఆనుకొని నిలబడుకోవడమే. ఆ పద్నాలుగు శుక్రవారాలే, నా బతుకులో నేను పండిచ్చింది." సిగ్గుపడ్డట్టు తువ్వాలతో మళ్ళీ ముఖం తుడుచుకున్నాడు. "రేపు సాక్ష్యంలో అది చెప్పొద్దులే. నీకు చెప్పల్ల అనిపించె, చెప్పినా."

వరమ్మ నోరు తెరిచింది.

"ఏంది?"

"ఏం ల్యా. కాళ్ళు కడుక్కొనిరా. ఉగ్గాని పెడతా."

నిస్సీ విసురుగా లేచి లోపలికి పోయింది. నాగలత ముట్టని పళ్ళెమే తీసి వరమ్మ మొగుడి ముందు పెట్టింది. ఏసురాజు ఆవురావురుమని తిన్నాడు. బాగుందన్నాడు. ఆ మెచ్చుకోలు ఆమెకు వాత పెట్టినట్టయింది.

ఆదివారం పొద్దున, ఇంట్లోవాళ్ళు షామియానా కింద కుర్చీలు సర్దుతుండగా, వరమ్మ ఒక్కతే లోపలికి వచ్చి జొన్నల డ్రమ్ము మూత తీసింది. ఆపరేషన్ అయిన వైపు చేయి ఇప్పటికీ బరువెక్కుతుంది. రెండో చేతిని మోచేతి దాకా జొన్నల్లోకి దోపి వెతికింది. ఫైలు అడుగున ఉంది. దులిపితే నాలుగు గింజలు రాలాయి. దాన్ని కొంగు కింద పెట్టుకుని బయటికి వచ్చింది.

చెప్పాలని తీసిందా, చెప్పలేక ఎక్కడైనా పారేయాలని తీసిందా అంటే ఆమెకే తెలియదు.

పది గంటలకు జనం నిండిపోయారు. ముందు వరుసలో గిడ్డమ్మ కూచుంది. కొత్త చీర కట్టుకుంది. తలకు గుడ్డ, జారకుండా చెవి వెనక ముడి. ఆ ముడి వేయడం నేర్పింది వరమ్మే. పక్కన నాగలత రాయిలా కూచుంది. గిడ్డమ్మ మాత్రం వరమ్మను చూడగానే, జాతరలో తెలిసినవాళ్ళు కనబడ్డ పిల్లలా ముఖమంతా విప్పుకుని చేయి ఊపింది.

పాటలయ్యాయి. జ్ఞానరాజు అయ్యగారు ప్రార్థన చేసి మైకు వరమ్మ చేతికిచ్చారు. ఏసురాజు షామియానా కట్టె పట్టుకుని నిలబడ్డాడు. నిస్సీ మొదటి వరుస చివర్లో కూచుని తన చేతులే చూసుకుంటోంది.

"అందరికీ వందనాలు," అంది వరమ్మ. "నేను మూడు సూదులు వేయించుకున్యా అని మీకు శానాసార్లు చెప్పినా."

"స్తోత్రం!" అన్నారు జనం.

"మూడు కాదు. ఎనిమిది."

"స్తోత్రం!" అన్నారు కొందరు, అలవాటు కొద్దీ.

వసంతకుమార్ ఫోను దించాడు. ఎవరో మైకు తీగ పీకబోతే, అయ్యగారు చెయ్యెత్తి ఆపారు.

"మిగిలిన ఐదు నిస్సీ పిల్చుకొని పోయి వేయిచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయనకు కూడా తెలీదు. నేనే అబద్ధం చెప్పినా. దేవుడు నన్ను బాగుచేసింది నిజం. ఎనిమిది సూదులు, నా బిడ్డ, ఆసుపత్రోళ్ళు, అంతా కలిసి బాగుచేసిరి. నేను ఐదు సూదులనూ, నా బిడ్డనూ దాచేసినా."

మొగుడు ఉన్న వైపు చూసే ధైర్యం ఆమెకు లేదు. గిడ్డమ్మ వైపే చూస్తూ చెప్పింది.

గిడ్డమ్మ లేచి నిలబడింది. ఆమె ముఖంలో కోపం లేదు. జాలి ఉంది.

"అక్కా, ఈ మాట నాగలత చెప్పిచ్చె కదా? నా కోసం నువ్వు సాక్ష్యం మార్చొద్దు. పాపం వస్తాది నీకు."

"ఎవరూ చెప్పియ్యలేదు. ఇదే నిజం గిడ్డమ్మా."

"అప్పుడు చెప్పింది కూడా ఇట్లనే ఏడ్చుకుంటా చెప్పినావు కదక్కా. దాన్నీ నమ్మితి. దీన్నీ నమ్మమంటావు. నాకెట్ల తెలియల్ల?"

వరమ్మ కొంగు కింది ఫైలు తీసి చాచింది. గిడ్డమ్మ అందుకోలేదు.

"నాకు సదువు రాదు. కాగితంలో ఏముంటే నాకేం తెలుసు? ఏసురాజన్న అబద్ధమాడడు. ఆయప్పను చెప్పమను, నమ్ముతా."

నూట యాభై తలలూ ఒక్కసారి ఆ కట్టె వైపు తిరిగాయి.

ఏసురాజు కదలడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, భార్య చేతిలోంచి ఫైలు తీసుకున్నాడు. ఆమె ముఖం చూడలేదు. చదువు రాదు గానీ, అంకెలు తెలుసు. సూది పడిన ప్రతిసారీ కుట్టిన చీటీ, దాని మీద ముద్ర, తేదీ. మైకు దగ్గరగా ఉండటంతో, అతను గొంతులో అనుకుంటున్నది కూడా అందరికీ వినబడింది.

"ఒకటి." చీటీ తిప్పాడు. "రెండు. మూడు."

ఆ మూడింటికీ తానే తోడుపోయాడు. వేలు అక్కడే ఆగింది. నాలుగో చీటీ మీద చేయి పెట్టి, తల ఎత్తి కూతురి వైపు చూశాడు.

"దీనికి నువ్వు పోయినావామా?"

"ఊఁ," అంది నిస్సీ.

"నాలుగు. దీనికీ నువ్వేనా?"

"నేనే నాయనా."

"ఐదు."

ఆరు, ఏడు అంటున్నప్పుడు గొంతు పలకలేదు. పెదాలు మాత్రం కదిలాయి. చివరి చీటీ తిప్పి, గిడ్డమ్మ వైపు తిరిగాడు.

"ఎనిమిది ఉండాయమ్మా. నాకు ఇప్పుడే తెలిసె."

ఫైలు ఆమె చేతిలో పెట్టాడు. నిస్సీ దగ్గరికి పోయి, తల మీద కాసేపు చేయి ఉంచాడు. తర్వాత షామియానా దాటి, ట్రాక్టరు వైపు నడిచి పోయాడు.

గిడ్డమ్మ కూచుంది. ఫైలు తలకిందులుగా ఒళ్ళో పెట్టుకుని ఒక్కో చీటీనీ వేలితో తడిమింది.

"అక్కా," అంది. "నాలుగోది వేసినప్పుడు శానా నొప్పాయనా?"

చీమ కుట్టినట్టే అనే మాట వరమ్మ నాలుక మీదికి దానంతటదే వచ్చింది. ఏడాదిగా అరిగిన మాట. దాన్ని మింగింది.

"శానా. ఆరుసార్లు గుచ్చిరి. నోరంతా పుండ్లు. నీళ్ళు తాగితే కూడా మంట. ఇంటి వెనక పక్క కూచోని, సచ్చిపోతే బాగుండు అనుకుంటి. ప్రార్థన కూడా నోటికి రాలేదు గిడ్డమ్మా."

గిడ్డమ్మ రెండు చేతులతో ముఖం మూసుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నాకు మూడోదానికే అట్లాయ," అంది ఏడుపు మధ్య. "వరమ్మక్కకేమో చీమ కుట్టినట్టుండె, నాకేమో పాణం పోతాండాది. నాలోనే ఏదో తప్పుండాది, నా నమ్మకమే తక్కువ అనుకుంటి. నీ దేవుడు నన్ను మెచ్చలేదు అనుకుంటి. అందుకే ఆపేసినా అక్కా. మూడు చాలనుకొని కాదు. తట్టుకోలేక ఆపేసినా. చెప్పుకునేకి సిగ్గాయ."

వరమ్మ మూడు అన్న లెక్కే తన తప్పనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. ఈ చీమ సంగతి ఆమెకు తట్టనే లేదు. అది తమాషాకు అన్న మాట. తన ఏడుపు దాచుకోవడానికి అన్న మాట. అది ఇంకొకరిని ఇంత కుట్టిందని ఇప్పుడు తెలిసింది.

"రేపు ఆరు గంటల బస్సుకు పోదాం మా," అంది నాగలత, తల్లి చేయి పట్టుకుని.

గిడ్డమ్మ వరమ్మ వైపు తిరిగింది.

"నువ్వు వస్తావా?"

"వస్తా."

"వస్తే ఆడ నవ్వొద్దు. నన్ను నవ్వియ్యొద్దు. ఒట్టిగ పక్కన కూచో."

"కూచుంటా," అంది వరమ్మ.

అయ్యగారు ఒక్కమాటతో ప్రార్థన ముగించారు. జనం లేచి భోజనాల వైపు పోయారు. కొందరు వరమ్మను పలకరించారు, కొందరు పక్కనుంచే ముఖం తిప్పుకుని పోయారు. మొక్కు మాట ఎవరూ ఎత్తలేదు. పలావు వాసన వాకిలంతా కమ్ముకుంది. నిస్సీ వడ్డనకు లేచింది. తల్లి పక్కనుంచి పోతూ, ఒక్క క్షణం ఆగి, ఆమె భుజం మీద జారిన కొంగు సర్ది పోయింది.

వరమ్మ ఒక ప్లేటులో పలావు పెట్టించుకుని ట్రాక్టరు దగ్గరికి పోయింది. ఏసురాజు తొట్టి నీడన నేల మీద కూచున్నాడు. పొద్దున తాను మెడలో వేసుకున్న కొత్త తువ్వాల మడత పెట్టి పక్కన పెట్టుకున్నాడు.

"తినప్పా," అంది. ఇన్నేళ్ళలో అతని ముందు అంత నెమ్మదిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

ఏసురాజు ప్లేటు వైపు చూశాడు. తర్వాత ఎండలో మండుతున్న దారి వైపు చూశాడు.

"ఈ పొద్దు ఉపవాసం," అన్నాడు.

ఆ రోజు శుక్రవారం కాదు. తానే కూడిక పెట్టించి, తానే పలావు వండించిన ఆదివారం. గిడ్డమ్మ కోసమా, నా మీద కోపంతోనా అని అడగబోయింది వరమ్మ. అడిగితే అతను నిజమే చెబుతాడని భయమేసింది. ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.